బెర్లిన్‌లో కారు కొనాలా వద్దా? ముందు ఇల్లెక్కడో చెప్పండి

కొత్తగా బెర్లిన్ వచ్చిన తెలుగువాళ్లెవరైనా మా ఇంటికి భోజనానికి వస్తే, పప్పు వడ్డించేలోపే ఒక ప్రశ్న వస్తుంది: "అక్కా, ఇక్కడ కారు కొనుక్కుంటే మంచిదేనా?" మా ఆయన్ని అడగరు, నన్నే అడుగుతారు. మేం ఒకసారి కారు కొని, రెండేళ్లు వాడి అమ్మేశామని, పట్టుబట్టి అమ్మించింది నేనేనని అందరికీ తెలుసు.

నేను తిరిగి అడిగేది ఒక్కటే. "ఇల్లు కుదిరిందా?" కుదరలేదంటే ఇంకా మంచిది. ఎందుకంటే కారు అవసరమా కాదా అన్నది కార్ల షోరూంలో తేలదు, అద్దె అగ్రిమెంట్ మీద సంతకం పెట్టినప్పుడే తేలిపోతుంది. ఎస్-బాన్ (సిటీ లోకల్ రైలు) స్టేషన్‌కి ఏడెనిమిది నిమిషాల్లో నడిచి వెళ్లగలిగే ఇంట్లో ఉంటే కారు సరదా మాత్రమే. అద్దె 200 యూరోలు తక్కువని, గంటకొక బస్సు తిరిగే చోట దిగారనుకోండి, ఆ మిగిలిన 200కి ఇంకో 200 కలిపి కారుకి పోస్తారు.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. జర్మనీ మొత్తం మీద ప్రతి 1,000 మందికి దాదాపు 580 కార్లుంటే, బెర్లిన్‌లో 330 దగ్గర ఉంటాయి. బెర్లిన్ వాళ్లకి పర్యావరణం మీద ప్రేమ ఎక్కువై కాదు. రైలు దగ్గరుంది, పార్కింగ్ దొరకదు, అంతే. ఇదే దేశంలో చిన్న ఊళ్లోకి వెళ్తే, రొట్టె తెచ్చుకోడానికి కూడా కారు తీసేవాళ్లు కనిపిస్తారు. వాళ్లని తప్పుపట్టడానికీ లేదు.

మా కారు లెక్క

మేం కొన్నది సెకండ్‌హ్యాండ్ స్కోడా. కొనేటప్పుడు అందరిలాగే ధర చూశాం, పెట్రోల్ చూశాం. మిగతావి తర్వాత ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. రెండో ఏడాది నేను కూర్చుని నెలకెంత అవుతోందో ఒక కాగితం మీద రాశాను: ఇన్సూరెన్స్ 95, బండి పన్ను 10, గరాజ్ అద్దె 80, పెట్రోల్ 85, సర్వీసింగు, చలికాలం టైర్లు, రెండేళ్లకోసారి చేయించే టూఫ్ (బండి ఫిట్‌నెస్) పరీక్ష అన్నీ పంచితే 55, ఇక కొన్న ధరకి అమ్మబోయే ధరకి మధ్య తేడా నెలకి 90. మొత్తం 415 యూరోలు.

అంతవరకు మా ఆయన ఒప్పుకున్నాడు. "కానీ సుఖం చూడు," అన్నాడు. సరే అని ఆ నెలలో బండి ఎన్ని రోజులు బయటికి తీశామో కేలండర్‌లో టిక్కు పెట్టాను. తొమ్మిది రోజులు. అంటే తీసిన రోజు ఒక్కోదానికి 46 యూరోలు. మామూలు రోజుల్లో చిన్న కారు రోజంతా అద్దెకి తీసుకున్నా ఇంచుమించు అంతే అవుతుంది.

ఇన్సూరెన్స్ గురించి ఒక మాట. మనవాళ్లు ఇండియాలో పదేళ్లు యాక్సిడెంట్ లేకుండా నడిపామని చెబుతారు. ఆ పదేళ్లు ఇక్కడ సాధారణంగా లెక్కలోకి రావు. నిన్ననే స్టీరింగ్ పట్టుకున్న కుర్రాడితో సమానంగా మొదలుపెట్టాలి. ఏడాదికేడాది గుద్దకుండా నడిపితే ప్రీమియం తగ్గుతూ వస్తుంది. అందుకే మొదటి రెండేళ్లు అందరికంటే ఎక్కువ బాదుడు కొత్తగా వచ్చిన మనకే.

మరి ఆ గరాజ్ ఎందుకు, వీధిలో పెట్టుకోవచ్చుగా అంటారు. మొదటి ఏడాది అలాగే పెట్టాం. మా పేటలో ఉండేవాళ్లకిచ్చే పార్కింగ్ స్టిక్కర్‌కి రెండేళ్లకి కట్టింది 20 యూరోల 40 సెంట్లు. మీరు సరిగ్గానే చదివారు, నెలకి కాదు, రెండేళ్లకి. కార్లు తగ్గించాలని రోజూ మాట్లాడే నగరంలో ఇదొక వింత. కాకపోతే ఆ స్టిక్కర్ స్థలం ఇవ్వదు, వెతుక్కునే హక్కు మాత్రమే ఇస్తుంది. రాత్రి ఎనిమిది దాటాక వస్తే పావుగంట చుట్లు తిరగాల్సిందే.

ఆ ఏడాది సంక్రాంతికి ఐదు వారాలు విజయవాడ వెళ్లొచ్చాం. తిరిగొచ్చేసరికి పెట్టిన చోట కారు లేదు. దొంగలెత్తుకుపోయారని నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఫోన్ చేసి కనుక్కుంటే, మూడు వీధుల అవతల ఉందన్నారు. జరిగిందేంటంటే, మా వీధిలో ఎవరో ఇల్లు మారుతూ సామాన్ల లారీ కోసం తాత్కాలికంగా 'ఇక్కడ బండి ఆపొద్దు' బోర్డు పెట్టించుకున్నారు. మేం ఇక్కడ లేం, చూసుకోలేదు. బండిని ఎత్తి పక్క వీధుల్లో ఖాళీ ఉన్నచోట పెట్టారు. ఖర్చు మాది, 200 యూరోల పైనే. వాదించడానికి కూడా దారి లేదు. అలాంటి బోర్డు మూడు పూర్తి రోజుల ముందు పెడితే చాలు, ఆ తర్వాత తీయించిన ఖర్చు బండి యజమానిదేనని 2018లోనే ఇక్కడి అత్యున్నత పరిపాలనా కోర్టు తేల్చేసింది. ఏడాదికోసారి నెల రోజులు ఇండియా వెళ్లే మనలాంటి వాళ్లు వీధిలో కారు పెడితే, మూడు రోజులకోసారి వచ్చి చూసే స్నేహితుడొకడు ఉండాలన్నమాట. మాకు అంత ఓపికున్న స్నేహితులు లేరు. గరాజ్ తీసుకున్నాం.

63 యూరోల టికెట్

2022 వేసవిలో మూడు నెలలు నెలకి 9 యూరోలకే దేశమంతా తిరగనిచ్చారు. ఆ రుచి మరిగాక, 2023 మేలో 49 యూరోలకి డాయిచ్‌లాండ్ టికెట్ పెట్టారు. 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. పెరిగిందని సణుగుతూనే అందరం కొంటున్నాం. ఎందుకంటే సిటీ బస్సు, ట్రామ్, యూ-బాన్ (మెట్రో), ఎస్-బాన్, ప్రాంతీయ రైళ్లు, దేశంలో ఏ ఊళ్లో దిగినా ఇదొక్కటే చాలు. ఏ జోన్‌లో ఉన్నాం, ఏ మెషీన్‌లో ఏ బటన్ నొక్కాలి అన్న టెన్షన్ ఉండదు. టికెట్ లేకుండా దొరికితే 60 యూరోల ఫైన్, అంటే దాదాపు ఒక నెల టికెట్ ధర.

ఇది పనికిరాని చోటు కూడా చెప్పాలి. ఐసీఈ, ఐసీ లాంటి దూరపు రైళ్లలో ఇది చెల్లదు. బెర్లిన్ నుంచి మ్యూనిక్‌కి ఐసీఈలో దాదాపు నాలుగు గంటలు. ఈ టికెట్‌తోనే వెళ్తానని ప్రాంతీయ రైళ్లు మారుకుంటూ బయల్దేరితే తొమ్మిది గంటలు దాటుతుంది, మధ్యలో ఒక్క రైలు తప్పినా ఆ రోజు అయిపోయినట్టే. చదువుకునే పిల్లలు సరదాగా చేస్తారు, చేయనివ్వండి. మోకాళ్ల నొప్పులున్న అత్తమామల్ని అలా తీసుకెళ్లకండి.

ఇది నెలనెలా దానంతటదే కొనసాగే చందా. వచ్చే నెల వద్దనుకుంటే ఈ నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి. ఇండియా ప్రయాణం పెట్టుకున్నవాళ్లు ఈ తేదీ మర్చిపోయి ఒక నెల డబ్బు వృథా చేసుకోవడం మామూలే. నేనూ చేసుకున్నాను.

ఉద్యోగం ఉన్నవాళ్లు ముందు హెచ్‌ఆర్‌ని అడగండి. కంపెనీ కనీసం పావు వంతు భరిస్తే ప్రభుత్వం ఇంకో 5 శాతం తగ్గిస్తుంది, మీకు 44 యూరోల 10 సెంట్లే పడుతుంది. అడగనిదే చెప్పని కంపెనీలు ఉన్నాయి. స్టూడెంట్స్‌కి ఒప్పందంలో చేరిన యూనివర్సిటీల్లో ఇది 60 శాతం ధరకే, సెమిస్టర్ ఫీజుతో కలిపి వస్తుంది. అది చేతిలో ఉండగా ఇంకో టికెట్ కొనక్కర్లేదు. ఆరేళ్లలోపు పిల్లలకి టికెట్టే అక్కర్లేదు. బెర్లిన్‌లో బడికెళ్లే పిల్లలకి 2019 నుంచి నగరం లోపలి జోన్లలో ప్రయాణం ఉచితం. ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

ఇక రైళ్ల ఆలస్యం సంగతి. జర్మన్ రైలు అంటే గడియారం అనుకుని వస్తాం. 2024లో దూరపు రైళ్లలో సమయానికి చేరినవి 62.5 శాతమే, అది కూడా ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కపెట్టకుండా. కానీ సిటీలో తిరిగేవాళ్లని ఇది అంతగా కుదపదు. ఒక యూ-బాన్ పోతే నాలుగైదు నిమిషాల్లో ఇంకోటి. నన్ను నిజంగా విసిగించేది పట్టాల మరమ్మతుల పేరుతో రైలు బదులు బస్సులు నడిపే వారాంతాలు, పనిచేయని లిఫ్టులు. పిల్లల బండితో ప్లాట్‌ఫాం మీద నిలబడి పైకి చూసే క్షణంలో కారు అమ్మినందుకు ఎవరికైనా బాధేస్తుంది.

ఒక చిట్కా. బెర్లిన్‌లో ఎస్-బాన్ రైల్వే వాళ్లది, యూ-బాన్, ట్రామ్, బస్సులు నగర సంస్థవి. ఒకరు సమ్మె చేస్తే మరొకరు సాధారణంగా నడుస్తారు. అందుకే ఇల్లు చూసేటప్పుడు రెండూ దగ్గరున్న చోటు దొరికితే, అద్దె ఒక 50 యూరోలు ఎక్కువైనా నేనైతే వదలను.

సైకిల్: ముప్పై నాలుగేళ్లకి నేర్చుకున్నాను

చిన్నప్పుడు మా ఊళ్లో అన్నయ్యకి సైకిల్ కొన్నారు, నాకు కొనలేదు. ఇక్కడికొచ్చాక టెంపెల్‌హోఫ్‌లో నేర్చుకున్నాను. అది పాత విమానాశ్రయం. 2008లో మూసేసి, 2010లో జనానికి పార్కులా తెరిచారు. రన్‌వే అలాగే ఉంది, దాదాపు రెండు కిలోమీటర్లు, కారు లేదు, గేదె లేదు, గుంట లేదు. మా ఆయన వెనక సీటు పట్టుకుని పరుగెత్తుతూ, ఎప్పుడు వదిలేశాడో చెప్పలేదు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి చున్నీ చైన్‌లో ఇరుక్కుంది, పడ్డాను. అప్పటి నుంచి చున్నీ వేసుకుని సైకిల్ ఎక్కను.

ఐదు కిలోమీటర్ల లోపు దూరాలకి బెర్లిన్‌లో సైకిల్‌ని మించింది లేదు. ఊరు చదును. ట్రామ్ కోసం ఆగడం, దిగి నడవడం కలిపితే సైకిలే ముందు చేరుతుంది. అయితే కొన్ని సంగతులు నేర్చుకునే రోడ్డెక్కాలి. ట్రామ్ పట్టాల్ని అడ్డంగా దాటాలి, పక్కపక్కనే వెళ్లారంటే చక్రం పట్టాల సందులో దిగి బొక్కబోర్లా పడతారు. డిసెంబర్‌లో నాలుగింటికల్లా చీకటి, లైట్లు లేకుండా దొరికితే 20 యూరోలు. ఫోన్ చేత్తో పట్టుకుని తొక్కితే 55. ఎర్ర లైటు దాటితే 60 యూరోలతో పాటు లైసెన్స్ రికార్డులో ఒక పాయింట్. సైకిలే కదా అని ఎవరూ వదలరు. ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఫుట్‌పాత్ మీద గానీ, రోడ్డుకి వేరుగా కట్టిన సైకిల్ బాట మీద గానీ తొక్కాలి, ఫుట్‌పాత్ మీదైతే వాళ్ల వెంట పెద్దవాళ్లొకరు కూడా అదే ఫుట్‌పాత్ మీద వెళ్లొచ్చు.

దొంగతనాలు మాత్రం దారుణం. కొత్త సైకిల్ కొనకండి, కొంటే మంచి తాళానికి కూడా డబ్బు పెట్టండి. ఇంటి సామాన్ల ఇన్సూరెన్స్‌లో సైకిల్ చేర్చుకునే వీలుంటుంది, అది రాయించుకోండి. ఇంకో విషయం: 63 యూరోల టికెట్‌లో సైకిల్‌కి చోటు లేదు. రైల్లో ఎక్కించాలంటే దానికి వేరే టికెట్ కొనాలి.

జనవరి, ఫిబ్రవరిల్లో నేను తొక్కను. పక్కింటి డెబ్బై ఏళ్ల పెద్దావిడ మంచులో కూడా తొక్కుతుంది. ఆవిణ్ణి చూసి సిగ్గుపడతానే గానీ బయటికి తీయను.

పది కిలోల బియ్యం ఎలా తెస్తారు?

కారు కావాలనేవాళ్ల చివరి అస్త్రం ఇదే. సోనా మసూరి బస్తా, గోధుమపిండి, రెండు లీటర్ల నూనె. మేం లిఖ్టెన్‌బెర్గ్‌లో డాంగ్ షువాన్ అనే ఆసియా సరుకుల మార్కెట్ వైపు వెళ్తే ఎం8 ట్రామ్‌లో వస్తాం. దానికి కావాల్సింది కారు కాదు, రెండు చక్రాల గుడ్డ సంచీ బండి. ఇక్కడి వాళ్లు దాన్ని వేళాకోళంగా 'హాకెన్‌పోర్షె' అంటారు, అంటే మడమల వెనక నడిచే పోర్షె. మొదట్లో అది లాక్కుని నడవడానికి నామోషీ అనిపించేది. పది కిలోల బియ్యం, కరివేపాకు, కొబ్బరికాయలు వేసుకుని లిఫ్టులో ఎక్కేసరికి నామోషీ పోయింది. ఇంకా పెద్దవి, అంటే చిన్న అల్మరా, వాషింగ్ మెషీన్ లాంటివి ఇంటికే తెప్పించుకోవడం చవక. సామాన్ల బుట్ట ఉన్న కార్గో సైకిల్‌ని ఫ్రీగా ఇచ్చే ఏర్పాటు కూడా బెర్లిన్‌లో 2018 నుంచి ఉంది. 'ఫ్లొటె' అంటారు, ముందే బుక్ చేసుకోవాలి.

షేరింగ్ కారు, అద్దె కారు

కారు అమ్మేసిన తర్వాత కారు ఎక్కడం మానేశామని కాదు. షేరింగ్ కారు అంటే, ఫోన్‌లో యాప్ తీసి, వీధిలో నిలబడి ఉన్న బండి తలుపు తెరిచి, పని చూసుకుని ఇంకో వీధిలో వదిలేసే పద్ధతి. కొన్ని కంపెనీలు నిమిషానికి వసూలు చేస్తాయి, మైల్స్ లాంటివి కిలోమీటరుకి. ట్రాఫిక్‌లో ఇరుక్కునే సాయంత్రాల్లో కిలోమీటర్ లెక్కే మేలు, ఆగి ఉన్నా మీటర్ తిరగదు. రెండు మూడు రోజుల ప్రయాణానికి షేరింగ్ కంటే మామూలు అద్దె కంపెనీ చవకగా పడుతుంది, ముఖ్యంగా రెండు మూడు వారాల ముందు బుక్ చేస్తే.

తీసేముందు బండి చుట్టూ ఒక వీడియో తీయండి. గీత పడితే మీ చేతి నుంచి ఎంతవరకు పోతుందో ముందే చదవండి, ఆ పరిమితి తగ్గించే ఆప్షన్‌కి రెండు మూడు యూరోలు పెట్టడం తెలివైన పని. పిల్లలున్నవాళ్లకి అసలు ఇబ్బంది సీటు. 12 ఏళ్లలోపు, 150 సెంటీమీటర్ల ఎత్తులోపు పిల్లలకి తగిన సీటు తప్పనిసరి. పెద్ద పిల్లలకైతే కింద వేసే దిండు లాంటిది చంకలో పెట్టుకుపోవచ్చు. ఏడాదిన్నర పాప సీటుని మూడో అంతస్తు నుంచి మోసుకెళ్లి, ఎవరి కారుకో బిగించి, మళ్లీ విప్పి తేవడం నాలుగోసారికి విసుగొస్తుంది. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో షేరింగ్ కారు గొప్ప ఉపాయమని నేను ఒట్టేసి చెప్పలేను.

ఇప్పుడు మా నెల ఖర్చు ఇలా ఉంది: నా టికెట్ 63, మా ఆయన కంపెనీ టికెట్ 44, షేరింగ్ లేదా అద్దె కారు సగటున 80, ఐసీఈ టికెట్లకి 50. మొత్తం 237. కారున్నప్పటికంటే 178 తక్కువ. ఆ డబ్బంతా దాస్తున్నామని అబద్ధం చెప్పను, కొంత హోటల్ బిర్యానీకి పోతోంది.

లైసెన్స్ మాత్రం తీసుకోండి

కారు కొనకపోయినా ఇది అవసరం, ఎందుకంటే లైసెన్స్ లేకపోతే షేరింగ్ కారూ లేదు. మన ఇండియా లైసెన్స్‌తో ఇక్కడ స్థిరపడిన రోజు నుంచి ఆరు నెలలు నడపొచ్చు, అనువాదం కాగితం వెంట ఉండాలి. ఏడో నెలలో నడిపితే అది లైసెన్స్ లేకుండా నడిపినట్టే, నేరం కింద లెక్క. ఇంటర్నేషనల్ పర్మిట్ ఉందిగా అనుకునేవాళ్లు చాలామంది. దాని మీద ఏడాది గడువు రాసి ఉన్నా ఇక్కడ నివాసం ఉండేవాళ్లకి ఆరు నెలలే.

మన లైసెన్స్‌ని నేరుగా మార్చి ఇవ్వరు. కంటి పరీక్ష, ఒక రోజు ఫస్ట్ ఎయిడ్ క్లాసు, తర్వాత థియరీ, ప్రాక్టికల్ రెండూ పాస్ కావాలి. థియరీ ఇంగ్లీషులో రాయొచ్చు. 30 ప్రశ్నలు, తప్పుల పాయింట్లు 10 దాటకూడదు, ఐదు పాయింట్ల ప్రశ్నలు రెండు తప్పితే ఫెయిల్. మనకున్న వెసులుబాటు ఏంటంటే, ఇండియా లైసెన్స్ ఉన్నవాళ్లకి ఫార్‌షూలెలో (డ్రైవింగ్ స్కూల్లో) ఇన్ని క్లాసులు తప్పనిసరి అన్న నిబంధన లేదు. అలాగని క్లాసులు లేకుండా వెళ్తే గట్టెక్కడం కష్టం. హైదరాబాద్‌లో పదిహేనేళ్లు నడిపిన మా ఆయన మొదటిసారి తప్పాడు. కారణం స్పీడు కాదు, హారన్ కాదు. ఏ బోర్డూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. చిన్న సందులోంచి వచ్చినా సరే. ఈయన పెద్ద రోడ్డు తనదే అనుకున్నాడు. వెనక సీట్లో కూర్చున్న ఎగ్జామినర్ ఏమీ అనలేదు, రాసుకున్నాడంతే.

మొదటి నెలలోనే అప్లికేషన్ పెట్టండి, కాగితాలు కదలడానికే వారాలు పడుతుంది.

కారే మేలు అనిపించే చోట్లు

ఇంతా చెప్పి, కొనండి అని నేనే చెప్పిన ఇళ్లు కూడా ఉన్నాయి. ఒకాయనకి తెల్లవారుజామున నాలుగున్నరకి షిఫ్టు, ఊరవతల గోదాములో. ఆ వేళకి అటు బస్సు లేదు. ఇంకొకరికి కవలలు, ఇద్దరికీ రెండేళ్లు, వాళ్లని వదిలే కీటా (డేకేర్) తూర్పున, ఆఫీసు పడమర. చిన్న ఊళ్లో ఉద్యోగం వచ్చి, చివరి బస్సు రాత్రి ఏడింటికే పోయే చోట ఉండేవాళ్లు. వీళ్లకి రైలు గొప్పతనం చెప్పడం అన్యాయం. అయినా ఒకసారి చూసుకోమంటాను. ఉదాహరణకి హైడెల్‌బెర్గ్ నగరం దగ్గరున్న చిన్న ఊరు వాల్‌డోర్ఫ్‌లో ఉద్యోగం వచ్చినవాళ్లు అక్కడే ఉండి కారు కొనే బదులు హైడెల్‌బెర్గ్‌లో ఉండి ఎస్-బాన్, బస్సు మీద వెళ్లొచ్చు. సాయంత్రం ఆఫీసు అయ్యాక కూడా జీవితం ఉంటుంది.

వారాంతాల సంగతి వేరు. ఉగాది ఫంక్షన్ హాలు ఎప్పుడూ ఇండస్ట్రియల్ ఏరియాలోనే దొరుకుతుంది, ఆదివారం అటు బస్సు గంటకొకటి. హామ్ ఊళ్లో కామాక్షి అమ్మవారి పెద్ద గుడి కూడా ఊరి మధ్యలో లేదు. నలుగురైదుగురు కలిసి వెళ్తే అద్దె కారు తీసుకోండి, మనిషికి పడేది రైలు టికెట్ కంటే తక్కువే. స్విట్జర్లాండ్ వైపు వెళ్లేవాళ్లు అక్కడి హైవే స్టిక్కర్‌కి 40 ఫ్రాంకులు లెక్కలో వేసుకోండి, ఒక్కరోజుకైనా ఏడాది స్టిక్కరే కొనాలి. ఇటలీలో అద్దె కారుతో పాత ఊళ్ల నడిబొడ్డుకి వెళ్లొద్దు. పర్మిట్ లేని బండ్లకి నిషేధమున్న వీధుల్లో కెమెరాలుంటాయి, జరిమానా కాగితం కొన్ని నెలల తర్వాత తీరిగ్గా ఇంటికొస్తుంది.

నలుగురు స్టూడెంట్లు కలిసి 1,500 యూరోల కారు కొనే ఆలోచన ప్రతి బ్యాచ్‌లోనూ పుడుతుంది. వద్దు. బండి ఒకరి పేరు మీదే ఉంటుంది, ఇన్సూరెన్స్ కాగితంలో రాయని వాడు నడిపి గుద్దితే కంపెనీ ముందు అవతలివాళ్లకి కట్టి, తర్వాత ఆ ఒక్కడి మెడ మీద కూర్చోవచ్చు. చవక కారుకి టూఫ్ గడువు ఎన్నాళ్లుందో చూడకుండా కొంటే రిపేర్లకే ఇంకో 1,500.

వేరే నగరాల్లో ఉండేవాళ్లకి

పారిస్ అయితే ఆలోచించక్కర్లేదు, కారు వద్దు. నావిగో నెల పాస్ 2026లో 90 యూరోల 80 సెంట్లు, అందులో కనీసం సగం కంపెనీ ఇవ్వాలని చట్టమే ఉంది. బయటి నుంచి బరువైన ఎస్‌యూవీ వేసుకొస్తే 2024 అక్టోబర్ నుంచి నగరం మధ్యలో గంట పార్కింగ్ 18 యూరోలు. జనం ఓటేసి మరీ పెట్టించుకున్నారు. లండన్‌లో ఇండియా లైసెన్స్ ఏడాది చెల్లుతుంది, నడిపేది మనలాగే ఎడమ వైపు, అందుకే చెయ్యి దురద పెడుతుంది. కానీ మధ్య లండన్‌లో అడుగుపెడితే రోజుకి 18 పౌండ్లు, బండి పాతదైతే ఇంకో పన్నెండున్నర. బయటి శివార్లలో ఉంటే తప్ప అక్కడా నా సలహా మారదు.

నెదర్లాండ్స్‌లో మొదటి జీతంతో కొనాల్సింది పాత సైకిల్, రెండు తాళాలు. ఉట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పట్టే పార్కింగ్ ఉంది, ఎక్కడ పెట్టారో ఫోటో తీసుకోకపోతే వెతకడానికే రైలు తప్పుతుంది. వాళ్లు పుట్టుకతోనే ఇలా లేరు. 1970ల్లో కార్ల కింద పడి పిల్లలు చనిపోతుంటే తల్లిదండ్రులు రోడ్డెక్కి పోరాడారు, 1973 చమురు కొరత దానికి తోడైంది. వియన్నాలో ఏళ్ల తరబడి ఏడాదికి 365 యూరోలున్న పాస్ 2026లో 467 అయింది, అయినా కారు పక్కన అది లెక్కలోకే రాదు. లక్సెంబర్గ్‌లో 2020 నుంచి బస్సు, ట్రామ్, రైలు రెండో తరగతి అన్నీ ఉచితం. ఇళ్ల అద్దెలు ఆ ఆనందాన్ని సమం చేస్తాయి.

మొన్న ఆదివారం

మొన్న ఒక కొత్త జంట వచ్చారు. బెర్లిన్ చుట్టూ ఉన్న బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రం సరిహద్దులో ఇల్లు చూశారు, మూడు గదులు, తోట, అద్దె తక్కువ. బుధవారం సంతకం. అలవాటు ప్రకారం ఆ అమ్మాయిని ఫోన్‌లో మ్యాప్ తీయమన్నాను. సోమవారం పొద్దున తొమ్మిదింటికి కాదు, అప్పుడు ఎక్కడి నుంచైనా బస్సు ఉంటుంది. శుక్రవారం రాత్రి పదకొండింటికి ఆఫీసు నుంచి ఇంటికి, ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఇంటి నుంచి పిల్లల డాక్టర్ ఎమర్జెన్సీకి, ఎంత టైం చూపిస్తుందో చూడమన్నాను.

ఆ అమ్మాయి చూసింది, స్క్రీన్ భర్త వైపు తిప్పింది. ఆదివారం మొదటి బస్సు తొమ్మిదీ పదికి. "ఆ ఇల్లు వద్దులెండి," అంది. పెరుగు వడ్డిస్తున్న మా ఆయన మాత్రం ఆగలేదు. "గరాజ్ ఉందేమో అడిగి చూడకూడదూ?" అన్నాడు.